గోడెక్కే మంచానికి... ఏ పరుపు?

పగలంతా గోడకు నిలబడి, రాత్రికి నేలకు దిగే మంచం ఇరుకిళ్లకు వరమే. కానీ దాని మీదికి పరుపును మామూలు మంచానికి కొన్నట్టు చేత్తో నొక్కి, మెత్తగా ఉందని కొనేస్తే చిక్కే! రోజులో ఎనిమిది గంటలు పడుకుని, పదహారు గంటలు నిలబడాల్సిన పరుపు అది. దాని లెక్కలే వేరు.

సిద్దిపేట జిల్లా తొగుట వైపు పాత పెంకుటిళ్లలో పొద్దెక్కాక మంచం పరిచి ఉంటే పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. పగలు కూడా మంచం వేసి ఉందంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనే అర్థం. అందుకే తెల్లారగానే బొంత చుట్టి దండెం మీద వేసేవారు. నులక మంచాన్ని ఎత్తి గోడకు నిలబెట్టేవారు. అప్పుడే వాకిలి ఊడ్చుకోవడానికి, గింజలు ఎండబోసుకోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి చోటు. చీకటి పడగానే ఆ మంచమే మళ్లీ వాకిట్లోకి వచ్చేది. ఎండాకాలమైతే ఇక చుక్కల కింద వరసగా మంచాలే మంచాలు!

ఇవాళ నగరాల్లో 'వాల్ బెడ్' అని అమ్ముతున్న గోడమంచం వెనకున్న ఆలోచనా అదే. వాడనప్పుడు మంచం చోటు తినకూడదు. అయితే రెండింటికీ ఓ పెద్ద తేడా ఉంది. నులక మంచానికి పరుపుతో పనిలేదు. అల్లికే దాని పరుపు. ఒంటి బరువుకు తగ్గట్టు సాగి, లేవగానే సర్దుకుంటుంది. బాగా వదులైతే కాళ్ల వైపున్న తాడు బిగిస్తే చాలు, మళ్లీ కొత్తదే. పైన బొంతో, గొంగడో ఉంటే అదీ పొద్దున్నే వేరుగా చుట్టేసేదే. గోడమంచం అలా కాదు. కింద గట్టి ప్లైవుడ్ పలక, దాని మీద పరుపు... రెండూ కలిసే గోడెక్కాలి, కలిసే దిగాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

వాకిలి తగ్గింది... మంచం పెరిగింది

తొగుట పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది మల్లన్నసాగర్. 50 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఈ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. దానికోసం తొగుట మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎన్నో కుటుంబాలు గజ్వేల్ దగ్గరి ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి చేరాయి. అరుగులు, పశువుల కొట్టం, పెద్ద వాకిలి ఉన్న ఇంటి నుంచి రెండు పడక గదుల ఇంటికి మారడమంటే ఒక్క చిరునామా మారడం కాదు. పడుకునే తీరు కూడా మారిపోతుంది. అంతకుముందు నలుగురు చుట్టాలొస్తే నాలుగు మంచాలు బయట వాల్చేవారు. ఇప్పుడు వాళ్లకు ఎక్కడ పక్క వేయాలో ఆలోచించుకోవాలి.

ముంపు ఊళ్లదే కాదు ఈ కథ. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. అందులోనే హాలు, రెండు గదులు, వంటిల్లు, స్నానాల గది. ఇక చదువుకో, ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిన పిల్లల సంగతి సరేసరి. చాలామందికి ఒక్కటే గది. అందులోనే మంచం, అందులోనే చదువుకునే బల్ల, మూలకు స్టవ్వు!

లెక్క వేసి చూడండి. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న డబుల్‌కాట్ 39 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. పదడుగులకు పదడుగుల గదిలో అది ఐదింట రెండు వంతులు. అదే మంచం నిలువునా గోడలోకి మడుచుకుంటే దాని పెట్టెకు కావాల్సింది దాదాపు పది చదరపు అడుగులే. మిగతా చోటులో పిల్లలు చదువుకోవచ్చు, కుట్టుమిషను వేసుకోవచ్చు, నలుగురూ కూర్చుని భోజనం చేయొచ్చు. తొగుటలో ఇంటింటా గోడమంచం లేకపోవచ్చు. కానీ దాని అవసరం మాత్రం చాలా ఇళ్లకు వచ్చేసింది.

నూట నలభై ఏళ్ల మడత

మడిచే మంచం కొత్తదేం కాదు. అమెరికాలోని షికాగోలో ఫర్నిచర్ దుకాణం నడిపిన సారా గూడ్ అనే నల్లజాతి మహిళ 1885లోనే ఇలాంటి మంచానికి పేటెంటు తీసుకున్నారు. మడిస్తే అది రాతబల్లలా కనిపించేది. ఇరుకు ఇళ్లలో ఉండే కార్మిక కుటుంబాలకు అది ఎంతో అక్కరకొచ్చే వస్తువు. తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒంటిగదిలో కాపురమున్న విలియం లారెన్స్ మర్ఫీ గోడలోకి నిలువుగా మడుచుకునే మంచాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టారు. అది ఎంతగా జనంలోకి వెళ్లిందంటే, గోడమంచం ఎవరు చేసినా 'మర్ఫీ బెడ్' అనే పిలిచేవారు. చివరికి 1989లో అమెరికా కోర్టు కూడా అది ఒక కంపెనీ సొత్తు కాదు, ఆ రకం మంచాలన్నింటికీ వాడుక పేరైపోయిందని తేల్చింది. 1916 నాటి 'వన్ ఎ.ఎం.' అనే మూకీ సినిమాలో చార్లీ చాప్లిన్ ఈ గోడమంచంతో పడే తిప్పలు చూస్తే ఇప్పటికీ కడుపుబ్బా నవ్వొస్తుంది. మాట వినని మంచంతో మనకు ఆ తిప్పలు రాకూడదంటే ముందు పరుపు లెక్క తెలియాలి.

మందం... అంగుళాల్లోనే అసలు కథ

దుకాణానికి వెళ్తే ఎనిమిది, పది, పన్నెండు అంగుళాల పరుపులు వరసగా కనిపిస్తాయి. లావుగా ఉన్నది మంచిదన్న నమ్మకం చాలామందిది. గోడమంచం దగ్గర ఆ నమ్మకం చెల్లదు. మంచం పైకి లేచాక పరుపు మొత్తం పెట్టె లోపలికి వెళ్లి, తలుపు మూసుకోవాలి. పెట్టె లోతులోంచి పలక మందం, ఫ్రేము మందం తీసేస్తే మిగిలేదే పరుపు చోటు. అందులోనూ దుప్పటికి, గాలి ఆడటానికి అంగుళమైనా వదలాలి. చాలా ఫిట్టింగులకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పరుపు సరిపోతుంది. కొన్నింటికే పది దాకా పడుతుంది. ఒంటరి మంచానికైతే ఐదంగుళాలైనా చాలు.

పొడవు, వెడల్పుల్లోనూ తొందర పనికిరాదు. మన దగ్గర ఒంటరి పరుపులు 72, 75, 78 అంగుళాల పొడవుల్లో దొరుకుతాయి. డబుల్‌కాట్ పరుపుల వెడల్పు 60 అంగుళాలు, 72 అంగుళాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. వడ్రంగి 75 అంగుళాల ఫ్రేము చేశాక 78 అంగుళాల పరుపు తెస్తే దాన్ని కుక్కాల్సి వస్తుంది. కుక్కిన పరుపు మధ్యలో ఉబ్బుతుంది, తలుపు మూసుకోదు. ఫ్రేము కన్నా పరుపు అన్ని వైపులా కాస్త చిన్నదిగా ఉంటేనే మేలు. అలాగని మరీ చిన్నదైతే నిలబెట్టగానే కిందికి జారుతుంది. కాబట్టి ముందు పరుపు కొలత ఖాయం చేసుకుని, ఆ కొలతకే మంచం చేయించుకోవడం తెలివైన పని.

బరువు తప్పితే మంచం మాట వినదు

గోడమంచాన్ని ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా ఒంటిచేత్తో ఎత్తేస్తారని ప్రకటనల్లో చూపిస్తారు. అది నిజమే, బరువు సరిపోయినంత వరకు! ఆ సులువంతా రెండు పక్కలా ఉండే గ్యాస్ పిస్టన్లదో, స్ప్రింగులదో. కారు డిక్కీ తలుపును పైకి లేపి పట్టుకునేవి కూడా ఇలాంటి పిస్టన్లే. గొట్టంలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ వాయువు కడ్డీని బయటికి నెడుతూ ఉంటుంది. పలక, పరుపు కలిసిన బరువును ఈ నెట్టుడు సరితూకంగా మోస్తుంది.

పరుపు మరీ బరువైతే మంచం ఎత్తడం కష్టం. దించేటప్పుడు ధబ్బున పడుతుంది. పైకి లేపినా నిలవక మెల్లగా కిందికి వాలొచ్చు. మరీ తేలికైతే ఇంకో తంటా. మంచం కిందికి రానని మొరాయిస్తుంది. వచ్చినా పడుకున్నవాళ్లు లేవగానే కాళ్లవైపు గాల్లోకి లేస్తుంది. పిస్టన్ల మీద 800ఎన్, 1000ఎన్ అని రాసి ఉంటుంది. అది నెట్టే శక్తికి కొలత. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువును మోసేంత శక్తి. అయితే పిస్టన్‌ను ఎక్కడ బిగించారన్న దాన్నిబట్టి లెక్క మారిపోతుంది. కాబట్టి ఆ అంకెను నేరుగా పరుపు బరువుతో పోల్చకూడదు. ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల దాకా పరుపు వేయొచ్చో ఫిట్టింగు అమ్మినవాళ్లనే అడిగి రాయించుకోవాలి.

మరి పరుపు బరువు ఎంతో తెలిసేదెలా? తూకం అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చాలు. పొడవు, వెడల్పు, మందాలను అంగుళాల్లో గుణించి 61,000తో భాగిస్తే ఎన్ని ఘనమీటర్లో వస్తుంది. దాన్ని డెన్సిటీతో గుణిస్తే కిలోలు. ఫోమ్ డెన్సిటీ 40 అంటే ఘనమీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని అర్థం, అంతే. 72 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 5 మందం ఉన్న ఒంటరి పరుపు 40 డెన్సిటీ ఫోమ్‌తో చేస్తే ఎనిమిదిన్నర కిలోలు. అదే కొలతలో ఫోమ్ ముక్కలను అతికించి చేసే గట్టి రీబాండెడ్ పరుపు, డెన్సిటీ 90 అనుకుంటే, 19 కిలోలు. 78 పొడవు, 60 వెడల్పు, 6 మందం ఉన్న డబుల్ పరుపైతే మొదటి రకంలో 18 కిలోలు, రెండో రకంలో 41 కిలోలు! చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మంచానికి మాత్రం తేడా తెలుస్తుంది.

దూది... కొబ్బరి పీచు... ఫోమ్... ఏది నిలబడుతుంది?

సిద్దిపేట జిల్లాలో పత్తి చేలకు కొదవలేదు. ఒకప్పుడు దూదేకులవాళ్లు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. ఆ విల్లు నారి 'టంగ్... టంగ్' మంటూ మోగుతుంటే గడ్డకట్టిన పాత దూది పూవులా విచ్చుకునేది. ఇప్పుడు ట్రాలీ ఆటో మీద యంత్రం పెట్టుకుని వచ్చి పాత పరుపులు, దిండ్లు కొత్తగా కుట్టిచ్చేవాళ్లున్నారు. నేల మీదో, మామూలు మంచం మీదో దూది పరుపంత హాయి ఇంకోటి లేదు. చెమట పీలుస్తుంది, వేడి చేయదు. కానీ గోడమంచానికి మాత్రం అది సరిపోదు. నిలబెట్టిన కొద్ది రోజులకే లోపలి దూది కిందికి దిగి ఒకవైపు ముద్దకడుతుంది. దగ్గర దగ్గరగా కుట్లు వేయించి, మూడు నాలుగు అంగుళాలకు మించకుండా చేయిస్తే కొంతవరకు ఆగుతుంది. బూరుగు దూదితో ఇంకా ఇబ్బంది. అది తేలికే గానీ, పోగులు నున్నగా ఉండటంతో తొందరగా జారిపోతుంది. బూరుగును దిండ్లకే వదిలేయడం మంచిది.

కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి అట్టలుగా చేసే కాయిర్ పరుపు నిలబెట్టినా ఆకారం చెడదు. గాలి బాగా ఆడుతుంది. కానీ బరువు ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ నడుము పడే చోట గుంట పడుతుంది. బరువు మోయగల ఫిట్టింగు ఉండి, గట్టి పక్క అలవాటున్నవాళ్లు సన్నటి కాయిర్ పరుపు ఎంచుకోవచ్చు.

మామూలు పీయూ ఫోమ్ గోడమంచానికి బాగా కుదురుతుంది. తేలిక, జారదు, ఏ కొలతకైనా కోయించుకోవచ్చు. కాకపోతే తక్కువ డెన్సిటీది తొందరగా చప్పబడుతుంది. రోజూ పడుకునే మంచానికైతే 40 డెన్సిటీకి తగ్గకుండా చూసుకోవాలి. ఎప్పుడో చుట్టాలొచ్చినప్పుడే వాడేదైతే 32 ఉన్నా నడుస్తుంది. ఇంట్లో వాడే పీయూ ఫోమ్ పరుపులకు ఐఎస్ 7933 అనే భారతీయ ప్రమాణం ఉంది. పరుపు మీద ఆ అంకె, డెన్సిటీ రెండూ రాసి ఉన్నాయా అని చూసుకోవాలి.

స్ప్రింగు పరుపు కూడా నిలబడగలదు. అందులోనూ ఒక్కో స్ప్రింగును ఒక్కో గుడ్డ సంచిలో కుట్టే పాకెట్ స్ప్రింగు అయితే పక్కనున్నవాళ్లు కదిలినా రెండోవాళ్లకు తెలియదు. అయితే మందం, బరువు రెండూ ఎక్కువే. పైన మెత్తగా వేరే దిండులా కుట్టి ఉండే 'పిల్లోటాప్' రకం వద్దు. నిలబెడితే ఆ మెత్తటి పొర కిందికి వేలాడుతుంది.

ఇక లేటెక్స్, మెమరీ ఫోమ్. సహజ రబ్బరు పాలతో చేసే లేటెక్స్ పరుపు ఒంటికి సుఖంగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ బరువు. పైగా దానికి బిగువు తక్కువ కాబట్టి నిలబెడితే కిందికి కుంగుతుంది. పట్టీలతో గట్టిగా బిగిస్తే తప్ప కుదరదు. మెమరీ ఫోమ్ 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం విమానాల సీట్లకని పుట్టింది. ఒంటి వేడికి మెత్తబడటం దాని గుణం. నలభై డిగ్రీలు దాటే సిద్దిపేట ఎండల్లో ఒంటి వేడికి గది వేడి కూడా తోడవుతుంది. మనిషి అందులోకి కూరుకుపోతాడు, చెమటతో అటూ ఇటూ పొర్లుతాడు. చలికాలం తెల్లవారుజామున అదే పరుపు గట్టిపడుతుంది. కావాలంటే అడుగున ఫోమ్, పైన ఒక అంగుళం మెమరీ ఫోమ్ ఉన్నది తీసుకోవచ్చు. మొత్తం అదే ఉన్నది మన ఊళ్లకు అంతగా నప్పదు.

నడుం నొప్పికి చెక్క మంచమేనా?

'నడుం నొప్పా? పరుపు తీసేసి చెక్క మీద పడుకో...' పల్లెల్లో ఇప్పటికీ వినిపించే సలహా ఇది. గోడమంచం అడుగున ఎలాగూ ప్లైవుడ్ పలకే కాబట్టి సన్నటి పరుపు వేస్తే సరిపోతుందనుకుంటారు. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మంది మీద ఓ అధ్యయనం జరిగింది. 2003లో 'లాన్సెట్' వైద్య పత్రికలో అచ్చయింది. బాగా గట్టిగా ఉన్న పరుపుల మీద పడుకున్నవాళ్ల కన్నా, ఓ మోస్తరు గట్టిదనం ఉన్నవాటి మీద పడుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువగా తగ్గిందని అందులో తేలింది. నులక మంచం గుర్తుందిగా? అదీ ఒంటి వంపులకు తగ్గట్టు కొంత సాగేదే. అయితే వదులై ఉయ్యాలలా వేలాడే నులక మంచం నడుముకు చేటే!

కాబట్టి గోడమంచం కోసం మరీ సన్నటి పరుపు తెచ్చి ఇంట్లో పెద్దవాళ్లను పలక మీద పడుకోబెట్టినంత పని చేయకూడదు. పక్కకు తిరిగి పడుకుంటే భుజం, తుంటి పలకకు తగులుతున్నట్టు అనిపించకూడదు. కొనేముందు దుకాణంలోనే పావుగంట పడుకుని చూడాలి. మొహమాటం వద్దు. పరుపు మీద కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మరీ ఎత్తు తక్కువ మంచం మీంచి లేవలేరు. సన్నటి పరుపు వేసుకునేటప్పుడు మంచం కాళ్లు ఆ మేరకు ఎత్తు పెట్టించాలి.

మూసిన పెట్టెలో చెమట

నిద్రలో ఒంటి చెమట పరుపులోకి దిగుతుంది. మామూలు మంచం మీదైతే పగలు అది ఆరిపోతుంది. గోడమంచంలో లేవగానే పరుపును పెట్టెలో పెట్టి మూసేస్తాం. వానాకాలంలో రెండు వారాలు ఇలా చేస్తే చాలు, తలుపు తీయగానే ముక్క వాసన! అందుకే లేచాక దుప్పటి దులిపి, ఓ అరగంట ఫ్యాను కింద ఆరనిచ్చాకే మంచం ఎత్తాలి. అడుగు పలకకు అక్కడక్కడా రంధ్రాలు చేయించాలి. వాన జల్లు కొట్టే బయటి గోడకు కాకుండా లోపలి గోడకు మంచం పెట్టించుకుంటే మంచిది.

పరుపు ఎండేయడంలోనూ తేడా ఉంది. దూది పరుపును మంచి ఎండలో వేస్తే పూలలా విచ్చుకుంటుంది.  ఫోమ్, లేటెక్స్ పరుపులను మాత్రం నేరుగా ఎండలో వేయకూడదు. పసుపు రంగుకు మారి, పొడిపొడిగా రాలిపోతాయి. వాటిని గాలి తగిలే నీడలో ఆరబెట్టాలి. ఎండాకాలంలో ఇంకో చిన్న సంగతి. వేడికి పిస్టన్లలో వాయువు ఒత్తిడి పెరుగుతుంది. చలికాలంలో సరిగ్గా కుదిరిన మంచం మే నెలలో కాస్త దూకుడుగా పైకి లేస్తుంటే కారణం అదే.

పట్టీ, గోడ... ఈ రెండూ ముఖ్యం

పరుపు ఏ రకమైనా పట్టీలు తప్పనిసరి. తలవైపు ఒకటి, కాళ్లవైపు ఒకటి వెడల్పాటి నవారు పట్టీలు పలకకు బిగించి పరుపు మీదుగా వేయాలి. దిండ్లు, మందపాటి రగ్గులు పరుపు మీద వదిలేసి మంచం ఎత్తకూడదు. తలుపు తీయగానే అవి నెత్తిన పడతాయి. అటకో, పక్క అరో వాటికి వేరే చూపించాలి.

అన్నింటికన్నా పెద్ద సంగతి గోడ. మంచం బరువంతా పట్టుకునేది అదే. ఇటుక గోడ, కాంక్రీటు గోడ అయితే యాంకర్ బోల్టులు గట్టిగా నిలుస్తాయి. గుల్ల ఇటుకలు, తేలిక బ్లాకులతో కట్టినవాటికి వాటికోసమే ప్రత్యేకంగా ఉండే బోల్టులు వాడాలి. తొగుట వైపు పాత ఇళ్లలో ఉండే మట్టిగోడలకైతే గోడమంచం ఆలోచనే వద్దు. సిమెంటు పూత చూసి మోసపోకూడదు. లోపల మట్టి ఉంటే బోల్టు నిలవదు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2022లో అమెరికాలో దాదాపు లక్షా 29 వేల గోడమంచాలను వెనక్కి పిలిపించారు. గోడ నుంచి ఊడి మీద పడే ప్రమాదం ఉందని తేలడమే కారణం. అంతకుముందు 2018లో అలాంటి మంచం మీద పడి 79 ఏళ్ల వృద్ధురాలు ప్రాణాలు కోల్పోయారు. మొదట తేలిక పరుపు వేసి, తర్వాత పాతదైందని దానికి రెట్టింపు బరువున్నది తెచ్చి పరిచేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పరుపు మార్చినప్పుడల్లా ఫిట్టింగు సరిపోతుందో లేదో చూపించుకోవాలి. పిల్లలను మాత్రం మంచం ఎత్తే, దించే పనికి దూరంగా ఉంచాలి.

నిలువా... అడ్డమా?

గోడమంచాలు రెండు రకాలు. తలవైపు గోడకు ఉండి నిలువుగా లేచేది ఒకటి, పొడవు వైపు గోడకు ఉండి అడ్డంగా లేచేది ఇంకోటి. ఒంటరి మంచానికి అడ్డం రకం మంచి ఎంపిక. మంచం లేచినా ఎత్తు మూడున్నర, నాలుగడుగులే కాబట్టి పైన పుస్తకాల అర పెట్టుకోవచ్చు. రేకుల ఇంట్లో, ఎత్తు తక్కువ గదిలో కూడా పడుతుంది. పరుపుకు కూడా లాభమే. ఆరున్నర అడుగులు నిలువునా నిలబడే బదులు మూడడుగులే నిలబడుతుంది. కుంగడం, జారడం తక్కువ. కుట్లు బాగా వేసిన పలచటి దూది పరుపు వాడాలని ముచ్చటపడేవాళ్లు ఈ రకం మంచంలో ప్రయత్నించవచ్చు.

కొనే ముందు...

* ముందు పరుపు రకం, కొలత ఖాయం చేసుకోండి. తర్వాతే మంచం చేయించండి.
* పెట్టెలో పరుపుకు మిగిలే లోతును టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.
* ఫిట్టింగు మోయగల కనీస, గరిష్ఠ బరువులు రాయించుకోండి. పరుపు బరువు ఆ మధ్యలో ఉండాలి.
* రోజూ పడుకోవడానికి 40 డెన్సిటీ, ఓ మోస్తరు గట్టిదనం ఉన్న ఫోమ్ పరుపు ఎక్కువమందికి సరిపోతుంది.
* ఒకసారి నిలబెట్టి చూపించమని దుకాణదారును అడగండి. పది నిమిషాల్లోనే కుంగిపోతున్న పరుపు మీ ఇంట్లో పదేళ్లు ఉండదు.
* పట్టీలు, గోడ బోల్టులు ఆర్నెల్లకోసారి బిగించి చూసుకోండి.

చివరగా ఒక్క మాట. కొమురవెల్లి మల్లన్న జాతరకో, బతుకమ్మ పండక్కో ఏడాదికి నాలుగు రోజులు వచ్చే చుట్టాల కోసమే అయితే గోడమంచానికి అంత డబ్బు పెట్టక్కర్లేదు. మూడు మడతల ఫోమ్ పరుపు ఒకటి కొని అటక మీద పెట్టుకుంటే సరిపోతుంది. వాకిట్లో కాస్త చోటు మిగిలిన ఇల్లయితే నులక మంచమే నేస్తం. రోజూ ఆ గదిలోనే పడుకుని, ఆ గదిలోనే పగలంతా గడపాల్సిన ఇంటికే గోడమంచం నిజంగా పనికొస్తుంది. అలాంటి ఇల్లే మీదైతే, దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో డబ్బుతో పాటు కొలత టేపు కూడా పెట్టుకెళ్లండి!